వెనక మెట్లున్న ఇళ్ళు

ఉదయం ఐదూ నలభైకి కుళాయిలో నీళ్ళు వచ్చాయి. వరండా వెంట గదికొక సంసారం ఉండే మా చాల్‌లో రోజూ ఐదూ యాభైకి వస్తాయి. పది నిమిషాలు ముందు రావడంతో వరసలో నలుగురమే ఉన్నాం. నా ముందున్న నర్సక్క తన బిందె పెట్టి, అది నిండడం చూస్తూ, తల ఎత్తకుండానే అన్నది.

“మేస్త్రి పోయిండంట టీచరమ్మా. నిన్న పొద్దుమీకి. వర్లిల బిడ్డ ఇంట్ల.”

“ఎట్లా?”

“ఎట్లేంది? దగ్గుతుండె గదా ఎప్పటికి. దగ్గి దగ్గి పోయిండు.” బిందె ఎత్తి నడుము మీద పెట్టుకుంది. “నీది పెట్టు. నీళ్ళు ఫాల్తూ పోతున్నయి.”

నా బిందె పెట్టాను. నిండాక తీసుకుని పైకి వచ్చాను. బడికి వేళయ్యేదాకా ఇంకే పనీ చేయలేదు.

ఆయన పేరు రేషన్ కార్డులో ఉండే ఉంటుంది. చాల్‌లో అందరూ మేస్త్రి అనేవాళ్ళు, నేను కాకా అనేదాన్ని. పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు కాబట్టి ఇక్కడా పేరు రాయను. ఆయన జీవితమంతా నాకు తెలియదు. తెలిసినవి కొన్ని అలవాట్లు, రెండు ఆదివారాలు.

మునిసిపల్ తెలుగు బడిలో ఉద్యోగం వచ్చి, కామాఠిపురాలో ఈ చాల్ రెండో అంతస్తులో గది తీసుకున్న వారంలోనే ఆయనను చూశాను. తలుపు గడియ పడటం లేదంటే నర్సక్క పంపింది. యాభై దాటిన వడ్రంగి, పొట్టి, చెవి మీద పెన్సిలు. వచ్చినవాడు గడియ వంక చూడలేదు. వరండా చివరికంటా నడిచి వెళ్ళాడు. మా చాల్‌కు ముందు ఒక చెక్క మెట్ల దారి ఉంది. వెనక, పాయిఖానాల పక్కన, ఇంకొకటి ఉంది. దాని మీద ఎవరూ పెద్దగా నడవరు. గదిలో పట్టక నా పుస్తకాల పెట్టెలు మూడు ఆ మెట్ల మొదట్లో పెట్టుకున్నాను. చాల్‌లో అందరూ ఏదో ఒకటి అక్కడ పెట్టుకునేవాళ్ళే.

“ఇవి ఎవరియి?”

“నావే.”

“లోపటికి తీస్కపో బిడ్డా.”

“గదిలో చోటు లేదు కాకా.”

“మంచం ఎత్తు జేస్త. కింద పెట్టుకో. మెట్ల మీద కూసోని చదువుతరా ఎవరన్న?”

మంచం కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు చేశాడు. పెట్టెలు తనే మోసుకొచ్చి కిందికి తోశాడు. అప్పుడు గడియ చూశాడు. అడిగిన పని ఆఖరుకు చేశాడని నాకు కోపం వచ్చింది.

ఏ ఇంటికి వెళ్ళినా అంతే. ముందు గది దాటి లోపలికి వెళ్ళి, వెనక తొవ్వ ఏదని అడిగేవాడు. పెళ్ళికి పిలిస్తే పెళ్ళివాళ్ళ హాలులోనూ అడిగేవాడు. ఏటా వానలకు ముందు ఒక ఆదివారం మా చాల్ వెనక మెట్లు ఖాళీ చేయించేవాడు. చాలామంది గొణుగుతూ తీసేవాళ్ళు. నర్సక్క మాత్రం తీయనని చెప్పేది. ఆమె నీళ్ళ డ్రమ్ము ఎప్పుడూ అక్కడే ఉండేది.

“నీ డ్రమ్ము తియ్యి నర్సమ్మా.”

“తియ్య. నా డ్రమ్ము నీకేం అడ్డమొచ్చె? నువ్వు కింద ఖోలీల ఉంటవ్.”

“నాకు గాదు.”

“మరెవ్వరికి? ఈ జీనా ఎవడు దిగుతుండు రోజూ? పిల్లులు దిగుతున్నయి.”

“పిల్లులకన్న తొవ్వియ్యి.”

“నీ బొమ్మల ఇండ్లకు కట్టుకో పో జీనాలు. గా పార్సీ ముసలాయన కట్టిచ్చుకుంటడు. మా మీదికెందుకు వస్తవ్?”

ఈ మాట అంటూనే డ్రమ్ముకు ఒక పక్క పట్టుకునేది. ఆయన రెండో పక్క పట్టుకునేవాడు. ఇద్దరూ కలిసి లోపలికి మోసేవాళ్ళు. వానలు తగ్గాక డ్రమ్ము మళ్ళీ మెట్ల మీదికి వచ్చేది. ఇద్దరికీ అదొక సరదా అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను.

నర్సక్క అన్న బొమ్మల ఇళ్ళ సంగతి చెప్పాలి.

తాడ్‌దేవ్ వైపు ఒక పాత భవనంలో ఒక పార్సీ పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. ఓడల కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. కిటికీలు బాగుచేయడానికి మేస్త్రి ఈ సేటు ఇంటికి వెళ్ళాడు. హాలులో టేబుల్ టెన్నిస్ బల్ల, దానిమీద ఆకుపచ్చ గుడ్డ, గుడ్డ మీద వందలకొద్దీ సీసపు సిపాయిలు. ఒక్కొక్కడు చిటికెన వేలిలో సగం. సేటు, ఆయన స్నేహితుడు ఒక రిటైరైన మేజరు, ఆదివారాలు ఆ బల్ల మీద యుద్ధం ఆట ఆడేవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేస్తారు. ఒక్కో ఎత్తుకు సిపాయిలను టేపుతో కొలిచి ఇన్ని అంగుళాలని జరుపుతారు. పాచికలు వేసి ఎవరు పడ్డారో చూస్తారు. వందేళ్ళ కిందటి ఇంగ్లండు ఊరి మీదికి శత్రువు వచ్చినట్టు వాళ్ళ ఆట. ఊరికి బదులు చెప్పుల డబ్బాలు పెట్టుకున్నారు.

మేస్త్రి కిటికీ పని ఆపి బల్ల దగ్గరికి వచ్చి, “గివేం ఇండ్లు సేట్? తలుపు లేదు, కిటికీ లేదు. సిపాయి లోపటికి ఎట్ల పోవాలె?” అన్నాడట. అలా ఆ పని ఆయన చేతికి వచ్చింది. ఊళ్ళో బట్టల మిల్లులు మూతపడ్డ మరుసటేడు అది. మిల్లుల నుంచి వచ్చిన వయసు పిల్లలు దొరికిన కూలికి కట్టడాల పనిలో దిగుతున్నారు. యాభై దాటిన వడ్రంగిని ఎవరూ పిలవడం లేదు.

సేటు ఒక పెద్ద ఇంగ్లీషు పుస్తకం ఇచ్చి పంపాడు. విక్టోరియా రాణి కాలంలో అక్కడి ఊళ్ళు ఎలా ఉండేవో ఫోటోలు. ఇటుక ఇళ్ళు, ప్రార్థన మందిరం, రైల్వే స్టేషను, దీపస్తంభాలు. ఆయన దాన్ని గుడ్డలో చుట్టి నా గదికి తెచ్చాడు. బొమ్మల కింద రాసింది నేను చదివి చెప్పాలి.

“గీ ఇండ్ల నెత్తిమీద ఏంది బిడ్డా? ఒక్కో ఇంటికి ఆరేడున్నయి.”

“పొగగొట్టాలు కాకా.”

“ఇంటింటికి మిల్లా?”

“చలి దేశం కదా. గదికొక పొయ్యి ఉంటుంది.”

వేలు పెట్టి లెక్కపెట్టాడు. “ఏడు. ఏడు పొయ్యిలు, ఏడు ఖోలీలు. అంటె ఏడు సంసారాలు.”

“కాదు కాకా. ఒక్కటే సంసారం.”

“ఒక్క సంసారానికి ఏడు పొయ్యిలా? నీకు సరిగ్గ తెల్వదు తీ.”

నా మాట నమ్మలేదు. ఆఖరుదాకా ఆయన లెక్కలో ఒక్కో ఇంట్లో ఏడు కుటుంబాలే ఉన్నాయి. పుస్తకం చివరికి వచ్చాక మళ్ళీ మొదటికి తిప్పాడు.

“వెనకది యాడుంది?”

“వెనకదేమిటి?”

“ఇండ్ల వెనక బాజు. అన్ని ముంగటివే ఉన్నయి.”

నేనూ పేజీ పేజీ చూశాను. అన్ని ఫోటోల్లో ఒక్క ఇంటి వెనక భాగమూ లేదు. తీసినవాళ్ళందరూ వీధిలో నిలబడే తీశారు. ఆ మాటే చెప్పాను.

“అయితె నేను జూసింది కడత” అన్నాడు.

చూసిందేమిటో ఒక సెలవు రోజున నన్ను తెల్లవాళ్ళ కాలంలో కట్టిన ఫోర్ట్ పేటకు తీసుకెళ్ళి చూపించాడు. పెద్ద రాతి కచేరీల ముందు ఆగలేదు. పక్క సందుల్లోంచి వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ గోడకు ఇనప మెట్లు చుట్టలు చుట్టుకుంటూ పైదాకా ఉన్నాయి. ప్రతి అంతస్తులో ఒక చిన్న తలుపు. పాయిఖానాలు కడిగేవాళ్ళు ఎక్కడానికి కట్టినవి.

“ఈ రాళ్ళు మా తాత మోసిండు. ముంగటి బాజు ఎన్నడు జూడలేదంట. పని అంత వెనకకెల్లే నడిచేది.” మెట్ల మీద చెయ్యి వేసి ఊపి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. “ఇంగ్లీషోడు ఇక్కడ కట్టిచ్చిన ఇంటికే వెనక జీనా పెట్టిండు. వాని ఊర్ల వాని ఇంటికి పెట్టుకోడా?”

పెట్టుకోడని నాకు దాదాపుగా తెలుసు. నేను చదివిన నవలల్లో ఆ ఇళ్ళ వెనక చిన్న పెరడు ఉండేది, వంటింటి తలుపు ఉండేది. ప్రతి అంతస్తు నుంచీ బయటికి దిగే మెట్ల సంగతి ఎక్కడా చదవలేదు. అయినా చెప్పలేదు. మాటకు మాట చెప్పి, ఇంకో బస్సు ఎక్కి, ఇంటికి పోయి పిల్లల నోటుపుస్తకాలు దిద్దాలి. ఆ రోజు నాకు ఓపిక లేదు.

కింద వెనక మెట్ల పక్కనే ఆయన గది. గడప దగ్గర వెలుతురులో కూర్చుని పనిచేసేవాడు. జేబులో బీడీల కట్టతో పాటు ఒక సీసపు సిపాయి ఉండేవాడు. చెయ్యి విరిగిందని సేటు పారేసిన బొమ్మ. ఏ తలుపు చేసినా సిపాయిని గుమ్మంలో నిలబెట్టి తల తగులుతుందేమో చూసేవాడు. మెట్లు చేస్తే రెండు వేళ్ళతో పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కించేవాడు, దింపేవాడు. మెట్టు ఎత్తయితే మొత్తం ఊడదీసి మళ్ళీ చేసేవాడు. ఇటుకల గీతలు పాత గ్రామఫోను ముల్లుతో గీసేవాడు. నాగ్‌పాడాలో ఎక్స్‌రేలు తీసేచోట పారేసిన ఫిల్ములు తెచ్చి కడిగి కిటికీ అద్దాలు కోసేవాడు. దీపస్తంభాలకు ఫాక్‌లాండ్ రోడ్డు పాత సామాన్ల దుకాణం నుంచి సైకిలు పుల్లలు తెచ్చుకున్నాడు. స్టేషను గడియారంలో ఎంతైనట్టు పెట్టాలని సేటును అడిగితే ఎంతయినా పర్వాలేదన్నాడట. ఆరుకు పది నిమిషాలు తక్కువ పెట్టాడు. నీళ్ళు వచ్చే వేళ, ఊరంతా లేచే ఉంటుందన్నాడు.

చాల్‌లో వాళ్ళు వచ్చి చూసిపోయేవాళ్ళు.

“ఈ ఖోలీ కిరాయెంత మేస్త్రీ?”

“నీ పొట్ట పట్టదు పో.”

నాలుగేళ్ళలో ఇరవై ఆరు ఇళ్ళు అయ్యాయి. ముందు భాగం పుస్తకంలో ఉన్నట్టే ఉండేది. ఒక్క ఇటుక వరస తేడా లేదు. తిప్పి చూస్తే మా చాల్. వరండా, కొసన మెట్లు, కింద ఒక కుళాయి, వరసగా పాయిఖానాలు, దారం కట్టి ఆరేసిన గుడ్డముక్కలు. సేటు మొదట్లోనే చూసి నవ్వి ఊరుకున్నాడు. ఇళ్ళను వీధికి రెండు పక్కలా వరసగా పెట్టేవాళ్ళు, యుద్ధం వీధిలో జరిగేది, వెనక వైపుతో వాళ్ళకు పని పడలేదు. మేస్త్రి కూడా ఇళ్ళు ఇచ్చి వచ్చేయడమే. ఆట ఎన్నడూ చూడలేదు.

ఒకరోజు సేటు దగ్గర్నుంచి ఇంగ్లీషులో చీటీ వచ్చింది. ఆదివారం పదకొండుకు రావాలి, సన్న రంపం తేవాలి, ఊరితో చిక్కు వచ్చింది, అని ఉంది. చదివి చెప్పాను.

“నువ్వు గూడ రా బిడ్డా. గా మేజరుకు కోపమొస్తె ఇంగ్లీషు తప్ప ఇంకోటి మాట్లాడడు.”

వెళ్ళాం. కూర్చోమన్నారు. మీరెక్కడ ఉంటారని మేజరు మర్యాదగా నన్ను అడిగాడు. కామాఠిపురా అన్నాను. ఊరికి ఆ పేట అంటే సానికొంపలే కాబట్టి, ఆ పేరు చెబితే ఎప్పుడూ వచ్చే మౌనం వచ్చింది. తర్వాత టీ వచ్చింది.

చిక్కు ఇది. కిందటి ఆదివారం సేటు సిపాయిలు ఇళ్ళ పై అంతస్తుల్లో చిక్కుకున్నారు. వీధిలో మేజరు ఫిరంగులు. ఓడిపోయే ఆట. సేటు ఒక ఇల్లు తిప్పి చూసుకుని, వెనక మెట్ల మీదుగా సిపాయిలను దించి, చుట్టూ తిప్పి, ఫిరంగులను వెనకనుంచి పట్టుకున్నాడు. మేజరు పాచికలు విసిరేసి వెళ్ళిపోయాడు.

“ఇది ఇంగ్లండు ఊరు” అన్నాడు మేజరు నాతో. “ఇంగ్లండులో ఏ ఇంటికీ ఇలాంటి మెట్లు లేవు. ఇదేమిటి, కుళాయా? ఇవి ఏమిటి?”

“పాయిఖానాలు” అన్నాను.

“ఎనిమిదా?” మేజరు వాటిని వేలితో లెక్కపెట్టాడు.

“రెండిండ్లకు కలిపి” అన్నాడు మేస్త్రి హిందీలో. “పద్నాలుగు సంసారాలకు ఎనిమిది. తక్కువనే.”

సేటు నవ్వాడు. మేజరు నవ్వలేదు. సేటు నవ్వు ఆపి, నెమ్మదిగా, తనకూ ఇష్టం లేనట్టు చెప్పాడు. “మేస్త్రీ, న్యాయం ఆయన వైపే ఉంది. మెట్లు, వరండాలు కోసెయ్. వెనక సాదా గోడ పెట్టు. లేకపోతే ఈ ఊళ్ళో ఆడనంటున్నాడు. ఆయన ఆడకపోతే నాకు ఊరెందుకు? స్టేషను అవతల ఇంకో వీధి కట్టిద్దామనుకున్నాను. అదీ ఉండదు.”

మేస్త్రి సంచిలోంచి రంపం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈ పని పోతే ఆయనకు ఇంకో పని లేదని గదిలో నాకూ ఆయనకూ తెలుసు. కోసేస్తాడనుకున్నాను. కోసేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

“సేట్, గీ ఇండ్లల్ల మనుషులు ఉన్నరా లేరా?”

“లేరు. ఇది ఆట. సిపాయిలు మాత్రమే.”

“పొగగొట్టాలు పెట్టమన్నరు. పెట్టిన. ఎవరి పొయ్యిది ఆ పొగ?”

మేజరు నా వైపు తిరిగి, అవి అందానికేనని చెప్పండి అన్నాడు. చెప్పాను.

మేస్త్రి నా వైపు తిరిగి, తెలుగులో మొదలుపెట్టాడు. ఆయన హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు. ఆ మాటలు హిందీలో చెప్పదలచుకోలేదు.

“నువ్వు ఉండే రెండో మాళా మీదనే ఉంటిమి బిడ్డా. నీ ఖోలీ పక్క ఖోలీ. నాకు చిత్రిక పట్టేటందుకు జాగ లేకుండె. వెనక జీనా మొగదల పలకలు కొట్టి మూసి, బల్ల ఏసుకున్న. ఎవ్వరు ఏమనలే. అందరు గట్లనే జేస్తరు. ఆ యేడు వానలకు ముంగటి జీనా పొద్దుగాల్ల కూలింది. నేను వర్లిల పని మీదున్న. ఆమెకు అప్పుడే నొప్పులొచ్చినయి. వెనకకెల్లి దింపుదామని అందరు పలకలు గుంజిండ్రు. ఇరుకు జాగ, గొడ్డలి ఎత్తరాదు. రాలే. నేను కొట్టిన మేకులు గదా. ఊరంత నీళ్ళు, బండ్లు నడుస్తలేవు. నేను నడుసుకుంట వచ్చి ఇప్పేసరికి మాపటికైంది. ఇద్దరు పోయిండ్రు.”

“ఏమంటున్నాడు?” అన్నాడు మేజరు.

చెప్పాను. ఇంగ్లీషులో అది నాలుగు వాక్యాలయింది. కూలిన మెట్లు, మూసిన మెట్లు, కాన్పు, భార్య, బిడ్డ. మేస్త్రికి ఇంగ్లీషు రాదు. అయినా నా నోటి వైపే చూస్తున్నాడు.

“మేకుల సంగతి చెప్పినవా?”

చెప్పలేదు. అదీ చెప్పాను.

ఆయన లేచి రంపాన్ని ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టాడు. “కొయ్యాలనుకుంటె మీరే కొయ్యుండ్రి సేట్. నేను మూసుడు బంద్ జేసి పంతొమ్మిదేండ్లాయె.”

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. మూడు స్టాపులు దాటాక ఆయనే అన్నాడు. “చాయ్‌ల పుదీన ఏసిండ్రు. దగ్గుకు మంచిది.”

సాయంత్రం వరండాలో నర్సక్క బట్టలు తీస్తుంటే వెళ్ళి అడిగాను. ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదన్నాను.

“చెప్తె ఏం జేస్తవ్? పాఠం జెప్తవా?” చీర మడత పెట్టింది. “నేను లోపల ఉన్న ఆమె కాడ. చెయ్యి పట్టుకోని ఉన్న.”

“తెలిసీ ఏటేటా డ్రమ్ము అక్కడే పెడతావా?”

“డ్రమ్ము లేకుంటె ఆయన ఒక్కడే పోయి ఆ మెట్ల మీద కూసుంటడు టీచరమ్మా. పొద్దంత కూసుంటడు. నాలుగేండ్లు జూసిన. డ్రమ్ముంటె జర కొట్లాడుతడు.”

రెండు వారాలు ఏ కబురూ లేదు. ఆయన గడప దగ్గర ఖాళీగా కూర్చునేవాడు. చెవి మీద పెన్సిలు మాత్రం ఉండేది. బడినుంచి వస్తూ పలకరిస్తే, తిన్నవా బిడ్డా అనేవాడు, అంతే. నా వల్లే అనిపించేది. ఆ రోజు ఫోర్ట్‌లో ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన వెనక మెట్లు కట్టేవాడే కాదు, ఈ మాట ఎవరి ముందూ చెప్పాల్సి వచ్చేది కాదు. లేక నేను చెప్పినా కట్టేవాడేమో. ఇప్పటికీ తేల్చుకోలేదు.

మూడో వారం రంపం తిరిగి వచ్చింది. పాత పేపరులో చుట్టి, పైన చీటీ పెట్టి పంపారు. ఆదివారం పదకొండుకు రమ్మని.

ఈసారి ఊరంతా బల్ల మీద పరిచి ఉంది. ఆయన ముందు వెనక్కి వెళ్ళి చూశాడు. మెట్లు, వరండాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. గుడ్డముక్కలు కూడా.

సేటు కొత్త నియమం చెప్పాడు. ఇకనుంచి మొదటి ఎత్తు ఖాళీ. ఎవరూ సిపాయిని జరపరు, ఎవరూ కాల్చరు. గడియారం చూసుకుని ఒక నిమిషం ఆగుతారు. ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఆ నిమిషంలో వెనక మెట్లు దిగి వెళ్ళిపోతారు. ఆ తర్వాతే యుద్ధం.

“ఇంకొకటి” అన్నాడు మేజరు. ఈసారి హిందీలోనే, మేస్త్రి వైపు చూసి. “సిపాయిలు ఆ మెట్లు వాడరాదు. అవి ఇంటివాళ్ళవి.”

మేస్త్రి తల ఊపాడు.

సేటు చేతి గడియారం విప్పి బల్ల అంచున పెట్టాడు. ఇద్దరు ముసలివాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మేస్త్రి నిలబడే ఉన్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. నిమిషం చాలా పొడుగ్గా ఉంది. అయిందని సేటు అన్నాడు. మేజరు చెయ్యి చాపి తన మొదటి సిపాయి మీద వేశాడు.

“జర ఆగుండ్రి” అన్నాడు మేస్త్రి. “పై మాళాల ముసలోళ్ళుంటరు.”

మేజరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సేటు మళ్ళీ గడియారం వైపు చూశాడు. ఇంకో నిమిషం గడిచింది. మేస్త్రి వంగి ఇళ్ళ వెనక ఒక కొసనుంచి ఇంకో కొసదాకా చూశాడు. నిటారుగా లేచి నిలబడి, మోకాళ్ళు రుద్దుకున్నాడు.

“ఇగ కొట్టుకోండ్రి” అన్నాడు.

మేము ఉన్నంతసేపూ ఆట సాగింది. ఎవరు గెలిచారో చూడకుండానే వచ్చేశాం. స్టేషను అవతలి వీధి ఆ తర్వాత కట్టాడు. తొమ్మిది ఇళ్ళు, ఒక్కోదానికి ఏడు పొగగొట్టాలు. అప్పటికే దగ్గు ఎక్కువైంది. తల్లి పోయాక మేనత్త దగ్గర పెరిగిన కూతురు వర్లి నుంచి వచ్చి తీసుకెళ్ళింది. గది ఖాళీ చేసిన రోజు పెన్సిలు చెవి మీద పెట్టుకుని టాక్సీ ఎక్కాడు. నేను వర్లికి రెండుసార్లు వెళ్ళాను. మూడోసారి వెళ్దామనుకుంటూ ఉండిపోయాను.

సేటు అంతకు ముందే పోయాడు. బల్ల, సిపాయిలు, ఊరు, అన్నీ కొలాబాలో మేజరు ఇంటికి చేరాయి. నర్సక్క కుళాయి దగ్గర చెప్పిన వారం, ఆదివారం పదకొండుకు నేను కొలాబా వెళ్ళాను. మేజరుకు చెప్పాల్సిన బాధ్యత ఉందనిపించింది.

తలుపు తెరిచే ఉంది. హాలులో నలుగురు మగవాళ్ళు బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. నడివయసువాళ్ళు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళలా ఉన్నారు. నాకు తెలిసినవాళ్ళు కారు. మేజరు పక్కన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఆడటం మానేశాడట, చేతులు వణుకుతున్నాయి. వినికిడి తగ్గింది. వంగి చెవి దగ్గర చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

“మంచి పనివాడు” అన్నాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

అప్పుడే కొత్త ఆట మొదలైంది. పాచికలు పడ్డాయి. వీధి మొదట్లో ఇద్దరు సిపాయిలను పడుకోబెట్టారు. నేను మేజరు వైపు చూశాను.

“వీళ్ళకు టైము ఉండదు” అన్నాడు. “భోజనం వేళకు ముగించాలంటారు. నేను ఒకసారి చెప్పాను.”

ఆట ప్రతి ఆదివారం ఉంటుంది. మొదటి ఎత్తు ఇప్పుడు ఎవరూ ఖాళీగా వదలడం లేదు.